నూటికి ఎనభై ఏడు

పోయిన వారం మనం సుధామణిని అవనిగడ్డ బస్టాండులో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వదిలేశాం. నాగాయలంక బస్సు దొరికిందో లేదో అని మీరు బెంగపడి ఉంటే, దొరికింది. సీటు మాత్రం దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, ఫోనులో గడియారం చూసుకుంటూ, దారి పొడుగునా డ్రైవరును మనసులో తిట్టుకుంటూ వచ్చింది.

ఆమె కంగారుకు కారణం ఉంది. పొద్దున్నే తల్లి గంగాదేవి పక్కింటివాళ్ల ఫోను అడిగి తీసుకుని, గుసగుసగా రెండు ముక్కలు చెప్పింది. "ఏదో యాప్‌లో చూసి మణిని వలల గదిలో పెట్టి తాళం వేశాడే మీ నాన్న. సాయంత్రం నాలుగింటికి బండి వస్తదంట, ఎక్కించుకుపోతారంట." అంతే, ఫోను పెట్టేసింది. విజయవాడ పటమటలో పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే సుధామణి, మొగుడికి ఒక మెసేజి పెట్టి, కట్టుకున్న చీరతోనే బయల్దేరింది.

మణి అంటే మణికుమార్, ఆమె తమ్ముడు. ఇరవై ఆరేళ్లవాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియను. మూడు సంబంధాలు వస్తే మూడూ వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో పది రోజుల కిందట పటమటలో అక్క వంటింట్లో కూర్చుని అక్కకొక్కదానికే చెప్పాడు. "నాకు అమ్మాయిల మీద మనసు పోదక్కా. ఎప్పుడూ పోలేదు. ఒకమ్మాయిని తెచ్చుకుని దాని గొంతు కోయలేను," అన్నాడు. సుధామణి ఆ రోజు వాడికి జవాబు చెప్పలేదు. తిరగమోత మాడిపోతుంటే స్టవ్ కట్టేసి, వాడి తల నిమిరింది.

ఆ సంగతి అక్క ఎవరికీ చెప్పలేదు, తమ్ముడూ ఎవరికీ చెప్పలేదు. మరి పాలెంలో తండ్రికెలా తెలిసింది? తెలియలేదు. ఒక యాప్ చెప్పింది. దాని పేరు వంశాంకురం. కొడుకు గురించి ఇరవై ప్రశ్నలు అడిగి, వాడికి మగతనం తప్పిన పాళ్లు నూటికి ఎన్నో లెక్కగట్టి చెబుతుంది. తెల్లారి లేస్తే వల, పడవ తప్ప మరొకటెరగని పల్లెపాలెంలో ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం. మగవాళ్లంతా ఇళ్లలో ఉంటారు. చేతికి పని తక్కువ, ఫోనుకి పని ఎక్కువ. ఆ వేసవిలో కలరా పాకినట్టు పాకింది వంశాంకురం. తండ్రి చిట్టిబాబు ఫోనులోకి దాన్ని ఎక్కించినవాడు ఆయన అన్న తిరుపతిరావు. మణికుమార్‌కి వచ్చిన లెక్క నూటికి ఎనభై ఏడు.

అమ్మకి బీపీ పడిపోయిందని అబద్ధమాడి కొడుకుని రప్పించారు. వాడు చెప్పులు విడిచి లోపలికొచ్చేలోపే ఫోను లాక్కుని వలల గదిలోకి తోశారు. ఐదు రోజులైంది.

* * *

సుధామణి ఇల్లు చేరేసరికి రెండున్నర.

పంచలో గోడకానుకుని కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగులు కుడుతున్నాడు చిట్టిబాబు. నైలాను దారం చుట్టిన సూది వల కన్నుల్లోంచి దూరి వస్తోంది. యాభై నాలుగేళ్ల మనిషి, చెవులకి బంగారు పోగులు, ఉప్పుగాలికి నల్లబడ్డ ఒళ్లు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తిరుపతిరావు. కులానికి పెద్ద, తగవులు తీర్చే మనిషి, తన తగవు తప్ప.

"ఎందుకొచ్చావ్?" అన్నాడు చిట్టిబాబు తల ఎత్తకుండా.

"అమ్మకి బీపీ పడిపోయిందన్నారుగా. చూద్దామని వచ్చా."

సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. గుమ్మంలో కూర్చున్న గంగాదేవి కూతుర్ని చూసి లేవబోయి, మొగుడి వంక చూసి మళ్లీ కూర్చుంది.

"రామ్మా, కూర్చో," అన్నాడు తిరుపతిరావు. "చదువుకున్నదానివి, నీకు తెలియందేముంది? మొక్కై వంగనిది మానై వంగదు. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. గుంటూరు అవతల శిబిరం ఉందంట. మూడు నెలలు ఉంచుకుంటారంట. కసరత్తులు, మందులు, కరెంటు వైద్యం... పంపేటప్పుడు మగాణ్ణి చేసి పంపుతారంట."

"కరెంటు వైద్యమా?"

"ఆఁ. మనోడు కరెంటు పనోడేగా," అని నవ్వబోయాడు ఆయన. ఎవరూ నవ్వకపోయేసరికి మీసం దువ్వుకున్నాడు.

సుధామణి ఒళ్లు మండిపోయింది. ఇంటి పక్కనున్న వలల గది దగ్గరికి నడిచింది. తలుపు బయట అన్నం కంచం ఉంది, ముట్టినట్టు లేదు. అన్నం మీద ఈగలు.

"మణీ."

లోపల ఏదో కదిలింది. "అక్కా. నువ్వెందుకొచ్చావ్?" గొంతు బొంగురుపోయింది.

"అన్నం ఎందుకు తినలేదురా?"

"తింటాలే."

"నీళ్లు?"

"ఉన్నాయి." తలుపు దగ్గరికి జరిగి అన్నాడు, "అక్కా, నువ్వు చెప్పావా?"

ఆ మాట గునపంలా దిగింది. "లేదురా. నా బిడ్డ మీద ఒట్టు, చెప్పలేదు. యాప్‌లో ఏదో అడిగారంట, దాంట్లో వచ్చిందంట."

"నా గురించి యాప్‌కి ఎవరు చెప్పారక్కా?"

నిజమే, ఆ ప్రశ్న సుధామణికి బస్సులో తట్టలేదు. ఇరవై ప్రశ్నలకి ఇరవై జవాబులు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. నాన్నకి కొడుకు ఏ తరగతి చదివాడో కూడా సరిగా తెలియదు. మరి ఎవరు?

* * *

గంగాదేవి పొయ్యి దగ్గర కూలబడి, కూతురు అడగకముందే చెప్పేసింది.

"నేనేనే. నేనే చెప్పా."

"నువ్వా?"

"మీ నాన్న ఫోను నా ఒళ్లో పెట్టి, అది అడిగిన దానికి ఉన్నదున్నట్టు చెప్పు, వాడి మంచికే అన్నాడు. అందులో ఒకమ్మాయి గొంతు. ఎంత నెమ్మదిగా మాట్టాడుద్దనుకున్నావ్! అమ్మా అని పిలుస్తది. మన ఆశా వర్కరమ్మాయి వచ్చి టీకాలేయించారా, పిల్లలెంతమంది అని అడగదూ, అట్టాగే అడిగింది. అట్టా అడిగితే అబద్ధం ఎట్టా చెప్పనే?"

వంశాంకురం తయారుచేసిన పుణ్యాత్ములు ఏ ఏసీ గదిలో కూర్చున్నారో మనకి తెలియదు గానీ, చదువురాని తల్లి గుండెకి ఏ తాళంచెవి పడుతుందో వాళ్లకి బాగా తెలుసు.

"ఏం అడిగింది?"

"చిన్నప్పుడు ఆడపిల్ల బట్టలేశారా అంది. వేశానుగా. ముక్కు కుట్టించారా అంది. కుట్టించానుగా."

సుధామణి తల్లి చేతులు పట్టుకుంది. ఆ కథ ఆమెకి తెలుసు. పాలెమంతటికీ తెలుసు. సుధామణి తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోవాడు మణి పుట్టగానే చేటలో వేసి పెంటమీద దొర్లించి, పక్కింటామెకి ఇచ్చి, మళ్లీ గుప్పెడు తవుడు పెట్టి కొనుక్కున్నారు. ముక్కు కుట్టించి, ఐదేళ్లు నిండేదాకా పావడా కట్టారు. మగబిడ్డని తెలిస్తే మృత్యువు కన్ను పడుతుందని, ఆడపిల్లనుకుని వదిలేసి పోతుందని నమ్మకం. ఆ తీరాన బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ప్రతి ఒక్కతీ చేసేదే. అలా బతికిన పావడా పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లాలని కట్టుకుని, పాలెంలో ఇప్పటికీ డజను మంది ఉన్నారు.

"మొక్కు అని చెప్పావా అమ్మా దానికి?"

"చెప్పానే. అది వినదుగా. ఔను, కాదు అని రెండే ఉన్నాయి. మీ నాన్న ఔను నొక్కాడు." గంగాదేవి చెంగు నోట్లో కుక్కుకుంది. "చివర్లో ఆ పిల్లే చెప్పింది. చిన్నతనంలో తల్లి చేసిన పొరపాట్ల వల్లే ఇట్టా అవుతారంట. నేనే చేశా. బతకాలని పావడా కట్టా, అదే వాడి బతుకు చెడగొట్టింది. నా చేతులు విరిచెయ్యాల."

సుధామణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఎదురుగా ఆ గొంతు మనిషై నిలబడితే అమాంతం మింగేసేంత. తండ్రి మీద కోపం ఉంది, పెదనాన్న మీద ఉంది. కానీ ఈ పిచ్చితల్లిని తన కడుపు మీద తనే నేరం మోపుకునేలా చేసినవాళ్ల మీద కోపం ముందు అవి ఎంత?

ఏడ్చి లాభం లేదు, బతిమాలి లాభం లేదు. గంటా పావు ఉంది టైము. నాన్న దేనికి లొంగుతాడో ఆమెకి తెలుసు. చిట్టిబాబు మొండివాడే గానీ, కళ్లతో చూసినదాన్ని కాదనేవాడు కాదు.

* * *

"నాన్నా, ఫోనివ్వు," అంది పంచలోకి వచ్చి.

"ఎందుకు?"

"ఆ యాప్ నేను కూడా చూడొద్దా? నా తమ్ముణ్ణి తీసుకుపోతున్నారు."

చిట్టిబాబు అన్న వంక చూశాడు. "చూడనివ్వరా, చూస్తే తనే ఒప్పుకుంటది," అన్నాడు తిరుపతిరావు ధీమాగా.

సుధామణి గడప మీద కూర్చుని వంశాంకురం తెరిచింది. పసుపు రంగు తెర, నడుమ చిన్న మొలక. కొత్త పరీక్ష అన్న చోట నొక్కింది. పేరు అడిగితే బాబు అని కొట్టింది. వయసు అడిగితే ఇరవై ఆరు అని కొట్టింది. ముప్పై ఐదు దాటితే అది తీసుకోదు.

"పెదనాన్నా, మన పాలెంలో ఇంకో మనిషి గురించి అడుగుతా. పేరు చివర్లో చెప్తా. నీకు బాగా తెలిసినోడే. జవాబులు నేను చెప్తా, తప్పయితే తప్పని చెప్పు. సరేనా?"

"ఎవడే వాడు? ఇంకోడు కూడా ఉన్నాడా?" తిరుపతిరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పరుల రోగం వినడమంటే ఆయనకి చేపల పులుసంత ఇష్టం.

ఫోనులో తేనె పూసిన గొంతు మోగింది. "అమ్మా, మీ అబ్బాయికి వంట చేయడమంటే ఇష్టమా?"

"ఔను," అని నొక్కింది సుధామణి. "ఆయన పులుసు పెడితే పాలెమంతా చెప్పుకుంటది. మసాలా కూడా తనే నూరుకుంటాడు."

"సూది, దారంతో చేసే పనుల్లో ఎక్కువసేపు గడుపుతాడా?"

"ఔను. వేట లేని రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని."

చిట్టిబాబు చేతిలో సూది ఆగిపోయింది.

"ఇంటికి రాకుండా మగవారితోనే రాత్రులు గడిపే అలవాటు ఉందా?"

"ఔను. వారానికి ఐదు రాత్రులు. ఒకే చాప మీద ఆరుగురు."

"నడిచేటప్పుడు నడుము ఊగుతుందా?"

"ఔను. ముప్పై ఏళ్లు బోటు మీద నిలబడ్డ కాళ్లు, నేల మీదా ఊగుతాయి."

"అది మన పాలెంలో అందరికీ ఊగుద్దిగదే," అన్నాడు తిరుపతిరావు తికమకగా.

"అవునంటావా, కాదంటావా పెదనాన్నా?"

"అవునే."

"చెవులు కుట్టించుకుని ఆభరణాలు ధరిస్తాడా?"

"ఔను. బంగారు పోగులు. రెండు చెవులకీ."

"ఎప్పుడైనా స్త్రీ వేషం వేశాడా?"

"ఔను. కుర్రతనంలో ఆరేళ్లు. శ్రీరామనవమికి ఇక్కడ నాటకం వేస్తే సీత ఆయనే. అగ్నిప్రవేశం అప్పుడు ముసలమ్మలు ఏడ్చేవాళ్లంట."

తిరుపతిరావు నోరు తెరుచుకుంది. ఆ నాటకాల్లో రాముడి వేషం ఆయనదే. తమ్ముడి వంక చూశాడు. చిట్టిబాబు మొహం రాయిలా ఉంది.

"ఒసేయ్ సుధా, ఆపు," అన్నాడు తిరుపతిరావు.

ఆమె ఆపలేదు. ఒక్కొక్క ప్రశ్నకీ జవాబు చెప్పుకుంటూ పోయింది. చివరి ప్రశ్న వచ్చింది. "మీ అబ్బాయి తరచుగా కన్నీళ్లు పెట్టుకుంటాడా?"

ఇక్కడ మాత్రం సుధామణి ఫోను మీంచి తల ఎత్తింది. తండ్రి కళ్లలోకి చూసింది. "ఔను. పైకి కనపడనివ్వడు. నన్ను అత్తారింటికి పంపిన రోజు బస్సు వెనకాల పరిగెత్తాడు. పుట్టి పోయిన ఇద్దరు పిల్లల్నీ చేతుల మీద తీసుకెళ్లి పూడ్చిపెట్టి వచ్చి, పడవ చాటున కూర్చుని ఏడ్చాడంట. అమ్మ చెప్పింది."

పసుపు తెర మీద మొలక గిర్రున తిరిగింది. అంకె వచ్చింది. నూటికి తొంభై నాలుగు.

"అమ్మా, అధైర్యపడకండి," అంది గొంతు. "మీ బాబు ఇంకా చిన్నవాడే. వంశాన్ని నిలబెట్టే మగవాడిగా మార్చుకునే సమయం మించిపోలేదు. మా శిబిరంతో మాట్లాడటానికి కింద నొక్కండి."

"పేరు చెప్తానన్నాగా పెదనాన్నా," అంది సుధామణి. "మీ తమ్ముడు."

గుమ్మంలోంచి ఒక చప్పుడు వచ్చింది. గంగాదేవి నవ్వుతోంది. ఐదు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మనిషి, నోటికి చెంగు అడ్డుపెట్టుకుని, ఆపుకోలేక, భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. "మీ బాబంట... చిన్నోడంట..." అంటోంది.

చిట్టిబాబు కూతురి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. అంకె చూశాడు. తొమ్మిది, నాలుగు. వేలితో ఒకసారి తడిమి చూశాడు, చెరిగిపోతుందేమోనన్నట్టు. పెదాల చివర ఏదో కదిలింది. నవ్వే. కోపంగా మొదలై, నవ్వుగా మారి, చివరికి కళ్లల్లో నీళ్లై నిలిచింది.

"అన్నా," అన్నాడు తిరుపతిరావు వంక తిరిగి, "సూది పట్టినోడు, పులుసు పెట్టినోడు మగాడు కాకపోతే మన పాలెంలో మగాడెవడు? నువ్వు పెట్టుకో నీ ఫోనులో. నీకెంతొస్తదో చూద్దాం."

తిరుపతిరావు కుర్చీలోంచి లేచాడు. "నాకేం తెలుసు, గ్రూపులో వస్తే పంపించా," అని గొణిగి, చెప్పులు వేసుకుని, ఎండలోకి నడిచాడు. నడుము ఊగుతూనే ఉంది.

"దొంగ యాప్," అన్నాడు చిట్టిబాబు. "దొంగ ముండాకొడుకుల యాప్. నా బిడ్డని ఐదు రోజులు చీకట్లో పెట్టించింది." అక్కడికక్కడే శిబిరానికి ఫోను చేశాడు. బండి వద్దు, మా పొరపాటు, అన్నాడు. అవతలివాళ్లు బండి ఎప్పుడో పులిగడ్డ వారధి దాటేసిందనీ, దగ్గరికొచ్చేసిందనీ, ఎలాగూ వస్తోంది కాబట్టి ఒకసారి మాట్లాడి వెళతారనీ అన్నారు. "రానివ్వండి, మంచినీళ్లిచ్చి పంపిస్తాం," అని పెట్టేశాడు.

మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పుతూ కూతురి వంక తిరిగాడు. ఆ మొహంలో ఎంత తేలిక! పదేళ్లు తగ్గినట్టున్నాడు. "అమ్మాయ్, నువ్వు రాకపోతే ఎంత ఘోరం జరిగేదే. మనోడు అట్టాంటోడు కాదు. నాకు లోపల తెలుసు. కాదు గదూ?"

సుధామణి ఆయన చేతిలో తాళంచెవి వంక చూసింది.

ఇప్పటిదాకా ఆమెకి ఒకటే తెలుసు, ఆ బండి ఎక్కనివ్వకూడదు. అందుకోసం చేతికందిన కర్ర తీసుకుని కొట్టింది, గెలిచింది. యాప్ అబద్ధమని నిరూపించింది. కానీ నాన్న విన్నది అది కాదు. నాన్న విన్నది, కొడుకు అలాంటివాడు కాదని. అలాంటివాడైతే తప్పేముందని ఆమె ఒక్క ముక్క అనలేదు. అనే ధైర్యం పటమట వంటింట్లోనూ లేకపోయింది, ఇక్కడా లేకపోయింది.

"ముందు తలుపు తియ్యి నాన్నా," అంది.

* * *

మణికుమార్ వెలుతురుకి కళ్లు చికిలించుకుంటూ బయటికొచ్చాడు. గడ్డం పెరిగింది, పెదాలు పగిలాయి. ఒంటినిండా పాత వలల కంపు. చిట్టిబాబు వాణ్ణి చూసి ఒక్క అడుగు వెనక్కి వేసి, తర్వాత రెండడుగులు ముందుకి వేసి, గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ ఇంట్లో తండ్రి కొడుకుని కౌగిలించుకోవడం సుధామణి చూసింది అదే మొదలు.

"తప్పయిపోయిందిరా అయ్యా," అన్నాడు. "మీ అక్క చూపించింది. అంతా అబద్ధమంట. నాకు తొంభై నాలుగు వచ్చిందిరా! నీకన్నా ఎక్కువ! గంగా, అన్నం పెట్టవే. మొన్న ఎండబెట్టిన చేపలు వేయించు. నేనే వేయిస్తా ఉండు."

మణి తండ్రి భుజం మీదుగా అక్క వంక చూశాడు. సుధామణి కళ్లతోనే బతిమాలింది. ఏమీ అనకురా. అన్నం తిను, మంచం మీద కాసేపు పడుకో, ఐదింటికి బస్సుంది, పటమట పోదాం. తర్వాత చూసుకుందాం, ఎప్పుడో చెబుదాం. ఇప్పుడు మాత్రం వద్దు. ఇదంతా ఆమె కళ్లలో ఉంది, వాడు చదివేశాడు కూడా.

చిట్టిబాబు వాడి రెండు చెంపలూ పట్టుకున్నాడు. "ఒక్కసారి నీ నోటితో చెప్పరా. ఊళ్లో ఎవడన్నా కూస్తే నా కొడుకు నాకు చెప్పాడని తల పగలగొట్టి వస్తా. అట్టాంటోణ్ణి కాదని ఒక్క మాట."

చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని మణికీ ఉంది. అది మొహంలో కనపడుతోంది. అబద్ధం చెప్పడం ఎంత సులువు! నాన్న చేతులు చెంపల మీద ఉన్నాయి. అవి మళ్లీ ఎప్పటికీ రావు.

"యాప్ అబద్ధమే నాన్నా," అన్నాడు చివరికి. "వంట చేస్తేనో, ఏడిస్తేనో ఎవరూ ఏదీ అయిపోరు. అమ్మా, నువ్వు పావడా కట్టినందుకు కూడా కాదే. నువ్వు కట్టబట్టే బతికానని నేను అందరికీ చెప్పుకుంటా. అందులో నీ తప్పేం లేదు." ఊపిరి తీసుకున్నాడు. "కానీ నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నా నాన్నా. నేను అట్టాంటోణ్ణే. రోగం కాదు, ఎవరూ చేసింది కాదు. పుట్టుకే ఇది. నీకు అబద్ధం చెప్పి నీతో అన్నం తినలేను."

చిట్టిబాబు చేతులు చెంపల మీదినుంచి జారిపోయాయి. కొట్టలేదు, తిట్టలేదు. వెళ్లి పంచలో తన చోట కూర్చున్నాడు. వల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ సూది ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. చేత్తో చాప తడుముకుంటూ ఉండిపోయాడు.

"నాన్నా," అంది సుధామణి. "నాన్నా, వాడు ఇందాకటి మణే. ఏం మారలేదు. నాకు ముందే తెలుసు. నేను చెప్పాల్సింది, నేను..."

వీధిలో హారన్ మోగింది.

తెల్ల వ్యాన్ గుమ్మం ముందు ఆగింది. కిటికీలకి నల్ల కాగితం అంటించారు. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో ఫైలు, రెండోవాడి చేతిలో ఏమీ లేదు. ఆ రెండోవాడి చేతులే పెద్దవి. పక్కింటి ముందు వలలు ఎండబెడుతున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"చిట్టిబాబు గారిల్లు ఇదేనాండీ?" అన్నాడు ఫైలువాడు ఎంతో మర్యాదగా. "పేషెంటు ఎవరండీ?"

పేషెంటు ఎవరో వాడు అడగక్కర్లేదు. గడ్డం పెరిగి, పగిలిన పెదాలతో నిలబడ్డ కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు. పెద్ద చేతులవాడు అప్పుడే వాడి వైపు నడుస్తున్నాడు. సుధామణి తమ్ముడికి అడ్డంగా వచ్చి నిలబడింది. "వాడు మేజర్. వాడి ఇష్టం లేకుండా ముట్టుకుంటే పోలీసుల్ని పిలుస్తా," అంది.

"మొన్న పంపిన ఫారం మీద నాన్నగారి సంతకం ఉందమ్మా. ఆయనే పిలిచారు," అన్నాడు ఫైలువాడు. "ఇలాంటి ఇళ్లల్లో అక్కచెల్లెళ్లు కాస్త గొడవ చేస్తారు. మాకు అలవాటే."

అప్పుడు గంగాదేవి గుమ్మంలోంచి లేచింది. చెంగు నడుముకి దోపుకుంది. పెద్ద చేతులవాడి పక్కనుంచి, కూతురి పక్కనుంచి, కొడుకు పక్కనుంచి నడిచి, మెట్లు దిగి, వ్యాన్ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఎక్కడికి?" అన్నాడు మణి.

"నేనే బాబూ పేషెంటుని," అంది గంగాదేవి ఫైలువాడితో. "వాడు కాదు. మీ ఫోనులో పిల్ల చెప్పింది, తప్పంతా తల్లిదేనని. వాడు కాదంటున్నాడు. ఎవరు చెప్పింది నిజమో నాకు తెలవదు. నన్ను తీసుకుపోయి నయం చెయ్యండి, వాణ్ణి వదిలెయ్యండి." ఎవరూ ఆపేలోపే వ్యాన్ ఎక్కి, వెనక సీటులో, నల్ల కాగితం పక్కన కూర్చుంది.

పక్కింటి ఆడవాళ్లలో ఎవరో నోరు నొక్కుకున్నారు. ఫైలువాడి మర్యాద మొదటిసారి చెదిరింది.

"ఏంటండీ ఈ నాటకం? ఇంత దూరం పిలిపించి?" ఫైలు తెరిచి పంచవైపు తిరిగాడు. "చిట్టిబాబు గారూ, సంతకం మీది. మీరే చెప్పండి. మేం ఎవర్ని తీసుకెళ్లాలి?"

అందరూ చిట్టిబాబు వంక చూశారు. ఆయన వ్యాన్ కిటికీ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. ఒళ్లో వల పక్కకి నెట్టి, గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నేను చెప్తా," అన్నాడు. ఏం చెప్పాడో వచ్చే వారం చూద్దాం.